లేడీస్ గేటు బూబమ్మ

ఆత్మకూరులో నేను పనిచేసే హైస్కూల్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. మా అమ్మ ఉదయగిరిలో మిషను కుట్టి నన్ను చదివించింది. ఈ సంగతి అందరికీ చెప్పింది నేనే. అబద్ధమేమీ కాదు. అమ్మ జాకెట్లు కుట్టింది, లంగాలు కుట్టింది, బజారులోని బట్టల కొట్లకు లుంగీల అంచులు కుట్టి ఇచ్చింది. నా బీఈడీ ఆ మిషను మీదే అయింది. కాకపోతే మిషనుకు ముందు అమ్మ ఇంకో పని చేసేది. ఉదయగిరి సినిమా హాల్లో ఆడవాళ్ళ గేటు దగ్గర నిలబడి టికెట్లు చించేది. ఆ ముక్క మాత్రం నేను ఎక్కడా ఎత్తను. గవర్నమెంటు ఉద్యోగం ఉండి, సొంత ఇల్లు కట్టుకొని, పదో తరగతి పిల్లలకు పౌరుల హక్కుల గురించి గొంతు చించుకుని పాఠం చెప్తూ కూడా, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు నోరు పెగలదు.

గేటు దగ్గర నిలబడటంలో అంత సిగ్గుపడాల్సింది ఏముందని మీరు అడగవచ్చు. మీరు గేటు బూబమ్మ కూతురుగా ఉదయగిరి బడికి పోయి ఉండరు. మా వైపు ముస్లిం ఆడవాళ్ళను బయటివాళ్ళు బూబమ్మ అని పిలుస్తారు. అది మర్యాదే. దాని ముందు గేటు అనే మాట తగిలించేసరికి మర్యాద కాస్తా ఎగిరిపోతుంది. బళ్ళో పెన్సిలు ముక్క కోసం మొదలైన పేచీ అయినా చివరికి అక్కడికే వచ్చేది. "పోవే, గేటు బూబమ్మ కూతురా!" అంటే ఇక నా దగ్గర జవాబు ఉండేది కాదు. గోళ్ళు ఉండేవి. రక్కేదాన్ని. టీచరు నన్నే కొట్టేది.

మా వాళ్ళది ఇంకో రకం. మగవాళ్ళు ఈలలు వేసే చోట, ముఖం కనపడేటట్టు నిలబడే ఆడదాన్ని పెళ్ళిళ్ళకు పిలవాలా వద్దా అని మా పెదనాన్న ఇంట్లో ప్రతిసారీ పంచాయితీ జరిగేది. చివరికి పిలిచేవాళ్ళే. వంట దగ్గర ఉల్లిపాయలు తరగడానికి ఒక మనిషి కావాలి కదా. మా అబ్బా, అంటే మా నాన్న, చెక్క చెంచాలు చెక్కే పనివాడు. నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన పోయాక అమ్మను పిలిచి పని ఇచ్చింది సినిమా హాలు ఓనరు ఒక్కడే.

ఆ హాలు పుట్టుక అమ్మకు బాగా తెలుసు. ఆమె చిన్నతనంలో అది హాలు కాదు, డేరా. ఎండాకాలంలో వచ్చి వేసేవాళ్ళు, వానలు పడగానే ఎత్తేసేవాళ్ళు. సీతారామపురం వైపు పల్లెలవాళ్ళు బండ్లు కట్టుకొని పొద్దుగూకేలోగా దిగేవాళ్ళు. సద్దిమూటలు, చాపలు, చంకలో పిల్లలు. ఈ మధ్య మా అబ్బాయి ఫోనులో ఏదో చూపించాడు. పెద్ద పట్నాల్లో ఆరుబయట తెర కట్టి, కార్లు వరసగా నిలిపి, కారు దిగకుండానే సినిమా చూస్తారట. వాడు అదేదో వింత అన్నట్టు అమ్మమ్మ ముఖం ముందు పెట్టాడు.

అమ్మ కళ్ళజోడు సవరించుకొని చూసి, "ఇదేంది కొత్తా? మేము ఎద్దులబండ్లో కూచోని చూసినాము. డేరా గుడ్డ పైకి కట్టేస్తే బండి మీదనించే బొమ్మ కనపడేది. మేమే కాదురా, మా ఎద్దులు గూడా చూసినాయి" అనింది.

డేరా పోయి రేకుల హాలు వచ్చింది. ముందర నేల, ఆ వెనక బెంచీ, ఆ వెనక నల్లులతో సహా కుర్చీలు. తెర దగ్గర నుంచి వెనకదాకా నడుమెత్తు గోడ ఒకటి కట్టి, ఒకవైపు ఆడవాళ్ళను, ఒకవైపు మగవాళ్ళను కూర్చోబెట్టేవాళ్ళు. ఫిల్ము డబ్బాలు ఆత్మకూరు మీదుగా బస్సు టాపు మీద వచ్చేవి. ఆత్మకూరులో ఆడి ఆడి అరిగిపోయిన బొమ్మ మాకు దక్కేది. అందులో సగం పాటలు తెగిపోయి ఉండేవి. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకునేవాడు, మరుక్షణం పోలీసులు వచ్చేవాళ్ళు. మధ్యలో ఏం జరిగిందో ఆత్మకూరు వాళ్ళను అడగాల్సిందే. ఆట మొదలయ్యే ముందు హాలు మీది మైకులో దేవుడి పాట వేసేవాళ్ళు. ఆ పాట వినపడితే ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి మీద ఏది ఉంటే అది దించేసి చీర మార్చుకునేవాళ్ళు.

లేడీస్ గేటుకు దారి పక్కసందులోంచి ఉండేది. మా ఇల్లు కూడా ఆ సందులోనే, హాలు వెనక గోడను ఆనుకొని. అమ్మను ఆ గేటుకు ఎందుకు పెట్టుకున్నారో దానికి ఒక కారణం ఉంది. అంతకుముందు ఎప్పుడో ఒక మగవాడు బురఖా వేసుకొని ఆడవాళ్ళ వైపు దూరాడు. హాలంతా గోల, పోలీసులు, పెద్దమనుషులు. అప్పటి నుంచి బురఖాలో వచ్చిన ప్రతి మనిషినీ పక్కకు పిలిచి, ముసుగు ఎత్తి ముఖం చూసి పంపాలని ఓనరు పట్టుబట్టాడు. ఆ పని మగవాడు చేయలేడు. మా వాళ్ళలోనే ఒక ఆడమనిషి కావాలి, అదీ పెద్దగా అడిగే దిక్కు లేని మనిషి. అమ్మ దొరికింది. అలా ఊళ్ళో ఏ బురఖా కింద ఎవరున్నారో అమ్మ ఒక్కదానికే తెలిసేది.

అసలు తంటా అక్కడే వచ్చింది. బజారులో పెద్ద పెద్ద కొట్లు ఉన్న వ్యాపారుల ఇళ్ళలో ఆడవాళ్ళను సినిమాకు పంపేవాళ్ళు కాదు. మగవాళ్ళు మాత్రం కొత్త బొమ్మ వచ్చిన నాడే చూసి వచ్చి, ఇంట్లో భోజనం దగ్గర కథ చెప్పేవాళ్ళట. అది విని ఎవరికి మాత్రం ఉండబుద్ధి అవుతుంది? పిల్లాడు రాత్రిపూట ఉలిక్కిపడుతున్నాడు, సాయిబుల ఇంట్లో తాయెత్తు కట్టించుకొస్తామని అత్తగార్లకు చెప్పి, ఆ ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట మా సందులోకి వచ్చేవాళ్ళు. మా ఇంట్లో తాయెత్తు కట్టేవాళ్ళు ఎవరూ లేరు. కొక్కేనికి రెండు బురఖాలు మాత్రం వేలాడేవి. ఒకటి అమ్మది, ఇంకొకటి చనిపోయిన మా దాదీది, అబ్బా వాళ్ళమ్మది. అవి తొడుక్కొని, పిల్లాణ్ణి మా ఇంట్లో పడుకోబెట్టి, పది అడుగులు నడిస్తే గేటు. గేటు దగ్గర అమ్మ ముసుగు ఎత్తి చూసేది, దించేది, "పో లోపలికి" అనేది.

వాళ్ళలో ఒకామె బియ్యం హోల్‌సేలు వ్యాపారి భార్య. అప్పటికి చిన్నది, కొత్తగా కాపురానికి వచ్చింది. ఏ బొమ్మ వచ్చినా ఆమెకు తాయెత్తు అవసరం పడేది. నాకు ఒడిలో నువ్వుండలు దాచి తెచ్చేది. బురఖా వేసుకోవడం వచ్చు గానీ అందులో నడవడం రాలేదు ఆమెకు. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు రెండు చేతులతో పైకి పట్టుకునేది, కాలి మట్టెలు బయటికి కనపడేవి.

"అట్ట ఎత్తిపట్టబాకమ్మా, నీ మట్టెలు చూస్తే చాలు, నువ్వెవరో ఊరికంతా తెలిసిపోతాది" అని అమ్మ కసిరేది.

ఆమె నవ్వేది. ఆ నవ్వు నాకు ఇష్టంగా ఉండేది. మా ఇంట్లో అంత గట్టిగా నవ్వే మనిషి ఇంకెవరూ లేరు.

ఒక మధ్యాహ్నం ఆమె లోపల ఉండగా ఆమె భర్త వచ్చాడు. ఎవరు చాడీలు మోశారో తెలియదు. నేను గేటు పక్క మెట్టు మీద కూర్చొని పలక మీద ఎక్కాలు రాసుకుంటున్నాను. ఆయన వచ్చీ రావడంతోనే, "నా పెండ్లాం లోపల ఉండాదంట. గేటు తియ్యి" అన్నాడు.

"లేదు సామీ. ఇది ఆడోళ్ళ గేటు, మీరు రాకూడదు" అని అమ్మ అడ్డం నిలబడింది.

"ఇండ్లల్లో ఉండే ఆడోళ్ళను చెడగొట్టేదానికి కూచున్నావా యీడ? నీకు మొగుడు లేకపోతే ఊళ్ళో ఎవురికీ ఉండకూడదా?" అన్నాడాయన. ఇంకా ఏమేమో అన్నాడు. ఇవి రాయగలిగినవి. సోడా బండి దగ్గర ఉన్నవాళ్ళు, సైకిల్ స్టాండు దగ్గర ఉన్నవాళ్ళు అందరూ సందు మొగలో చేరి చూస్తున్నారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని తల వంచుకుంది గానీ గేటు మీద నుంచి చెయ్యి తీయలేదు.

"రాలేదని ఒట్టెయ్ అయితే" అన్నాడు.

అమ్మ చటుక్కున వంగి నా తల మీద చెయ్యి పెట్టింది. "నా బిడ్డ మీద ఒట్టు. ఆమె రాలేదు."

ఆయన నన్నోసారి, అమ్మనోసారి చూసి, తుపుక్కున ఉమ్మి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ప్రాణం చచ్చిపోయింది. అబద్ధపు ఒట్టు వేస్తే ఎవరి మీద వేశారో వాళ్ళ తల పగిలి చస్తారని బళ్ళో అందరికీ తెలుసు. ఆమె లోపల ఉందని నాకు తెలుసు, అరగంట ముందే ఆమె ఇచ్చిన నువ్వుండ నా నోట్లో ఉంది. చాలా రోజులు తల తడుముకుంటూ పడుకున్నాను. ఎవరో ఇంటి ఆమె సినిమా కోసం మా అమ్మ నన్ను చంపుకోవడానికి సిద్ధపడిందని కుమిలిపోయాను. ఆ సాయంత్రం ఆట వదిలాక ఆమె మా ఇంట్లో బురఖా విప్పుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఆమె ముఖం కడిగి, మసీదు వెనక నుంచి ఇంకో దారిన పంపింది.

ఆమె మళ్ళీ మా సందులోకి రాలేదు. వారం తిరక్కుండానే అమ్మను గేటు దగ్గరికి రావద్దన్నారు. బియ్యం వ్యాపారి ఊళ్ళో పెద్దమనిషి, ఓనరుకు ఆయనతో పని ఉంటుంది, గేటు బూబమ్మతో ఏం పని? అమ్మ మిషను ముందు కూర్చుంది. నేను పెద్దదాన్నయ్యాక కోపం ఆపుకోలేక అడిగాను, ఆమె కోసం ఎందుకు అంత పడ్డావని. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆమె కాపురం నిలబడింది గదా. మనకు మిషను ఉండాది" అనింది. అంతే. ఆ ఇంటి పేరు గానీ ఆ మనిషి పేరు గానీ అమ్మ నోట మళ్ళీ వినలేదు. దారిలో ఎదురైనా చూపు తిప్పుకుని పోయేది.

తర్వాత కథ అన్ని ఊళ్ళదీ ఒకటే. టీవీలు వచ్చాయి, అద్దెకు క్యాసెట్లు వచ్చాయి, కేబులు వచ్చింది, చివరికి అరచేతిలోకి ఫోను వచ్చింది. ఉదయగిరి హాలు మూతపడింది. కొన్నాళ్ళు వేరుశెనగ బస్తాలు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరో కొని, రేకులు పీకి స్లాబు వేసి, ఏసీ పెట్టి ఫంక్షన్ హాలు చేశారు. ఆత్మకూరులో మాత్రం ఒక హాలును మెత్తటి సీట్లు వేసి నిలబెట్టుకున్నారు. అక్కడ నేలా లేదు, బెంచీ లేదు, ఆడవాళ్ళ గోడా లేదు. అమ్మ నా దగ్గరికి వచ్చేశాక ఒకసారి ఆమెను అక్కడికి తీసుకుపోయాం. గేటులో కుర్రాడు మా అబ్బాయి ఫోను చూసి లోపలికి పంపించాడు.

అమ్మ అక్కడే ఆగిపోయి, "చించేదానికి ఏమీ లేదా నాయనా నీకు?" అని గట్టిగా అడిగింది.

వెనక వరసలో మా స్కూలు పిల్లల తల్లులు ఉన్నారు. నేను అమ్మ మోచెయ్యి పట్టుకొని గబగబా లోపలికి లాక్కుపోయాను. సినిమా ఏమిటో నాకు గుర్తులేదు. ఎవరైనా విన్నారా అని ఇంటర్వెల్ దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

పోయిన మాఘమాసంలో మా స్కూలు ఇంగ్లీషు టీచరు కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది ఉదయగిరి. పెళ్ళి అక్కడే, ఫలానా ఫంక్షన్ హాల్లో అని కార్డు ఇచ్చింది. అడ్రసు చదవగానే తెలిసింది అది ఏ హాలో. కార్డు బ్యాగులో అడుక్కి తోసేశాను. లాభం లేకపోయింది. ఆ టీచరు ఇంటికి వచ్చి మరీ అమ్మను పిలిచింది. "మీ ఊరే కదా అమ్మా, మీరు రాకపోతే ఎట్లా?" అనింది. అమ్మ ముఖం వెలిగిపోయింది.

నేను మోకాళ్ళ నొప్పులు గుర్తుచేశాను, ఎండ గుర్తుచేశాను, బస్సులో నిలబడాల్సి వస్తుందన్నాను. ససేమిరా అనింది.

"నేను ఆ హాల్లో ఎప్పుడన్నా కూచున్నానా? గేటుకాడ నిలబడి పాటలు ఇన్నాను, మాటలు ఇన్నాను, బొమ్మ మాత్రం తలుపు సందులోనించి చూసినాను. ఒక్కసారి కుర్చీలో కూచోవాల నేను. బొమ్మ లేకపోయినా ఫరవాలేదు" అనింది.

బస్సులో ఉదయగిరి కొండ కనిపించేదాకా నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. మా హెడ్‌మాస్టరు, మా స్టాఫు మొత్తం అక్కడికి వస్తారు. ఈమె ఏదో ఒకటి అంటుంది. ఎవరో ఒకరు గుర్తుపడతారు. టైలరింగ్ అని చెప్పారు కదా మేడం అని ఎవరూ అడగరు, పెద్దమనుషులు కదా, కళ్ళతో చూస్తారు. ఎలా చెప్పాలో తెలియక చివరికి, "అమ్మీ, అక్కడ మా స్కూలు వాళ్ళంతా ఉంటారు" అన్నాను.

"నాకు తెలవదా?" అనింది అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ. "మిషను కుట్టినానని చెప్తాలే."

నేనేమి అడగబోతున్నానో నేను అడగకముందే ఆమెకు తెలుసు. ఎన్నాళ్ళ నుంచి తెలుసో! నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా అలా కాదమ్మీ అని ఒక్క మాట అనలేదు. టికెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాను.

హాలు గుర్తుపట్టేటట్టు లేదు. నేలంతా చదునుచేసి పాలరాయి పరిచారు, నడుమెత్తు గోడ తీసేశారు. తెర ఉన్నచోట స్టేజీ, దాని మీద సింహాసనాల్లాంటి కుర్చీలు, వెనక గోడంతా పూలు. స్టేజీ పక్కన ఒక పెద్ద ఎల్ఈడీ తెర పెట్టి, కెమెరాలో పడిన వాళ్ళందరినీ అందులో చూపిస్తున్నారు. అమ్మ ఒక కుర్చీలో కూర్చొని, చేతులు రెండూ ఒడిలో పెట్టుకొని, హాలు మొత్తాన్ని మెల్లగా చూసుకుంది. మా ఇంగ్లీషు టీచరు వచ్చి పలకరించి, అత్తారింటి పెద్దావిడను చూపించింది. ముందు వరసలో సోఫాలో ఒక పెద్దావిడ, పెళ్ళికొడుకు నాన్నమ్మ. తెల్లటి జుట్టు, పట్టుచీర, చుట్టూ మనవరాళ్ళు. ఏదో అన్నారు వాళ్ళు, ఆమె గట్టిగా నవ్వింది.

అమ్మ నా చెయ్యి నొక్కింది. "ఆమేనే" అనింది.

నాకు నవ్వు వినగానే తెలిసిపోయింది. బియ్యం వ్యాపారి భార్య. ఆయన పోయాడని ఆమె నుదురు చూస్తే తెలుస్తోంది. కుర్చీలో వెనక్కి జరిగాను. కోపమో, భయమో, రెండూనో. మా టీచరు ఊరుకోకుండా ఆమెను మా వైపు తిప్పి, "మా మేడం వాళ్ళమ్మగారండీ, మీ ఊరే" అనింది. పెద్దావిడ కళ్ళజోడులోంచి తేరిపార చూసింది.

"ఏ వీధి బూబమ్మా మీది?"

నేను అందుకున్నాను. "హాలు వెనక సందేనండీ. మా అమ్మ టైలరింగ్ చేసేది." ఎంత తొందరగా అన్నానంటే, అమ్మ ఆదాబ్ చెప్పడానికి ఎత్తిన చెయ్యి ఇంకా దిగలేదు.

"ఓ, టైలరమ్మా!" అని పెద్దావిడ తల ఊపి అటు తిరిగింది. ఆమె గుర్తుపట్టలేదు. అమ్మ ఎండిపోయి సగం అయింది, పళ్ళు పోయాయి. పైగా ఆ రోజుల్లో ఆమె అమ్మ ముఖం ఏం చూసి ఉంటుంది? ముఖం చూడటం అమ్మ పని.

తలంబ్రాలు అయిపోయాయి. పెళ్ళివాళ్ళు మైకు ఇచ్చి ఒక అమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక్కో మాట చెప్పించి నవ్విస్తోంది. పెద్దావిడ దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, మీ కాలంలో మీరు చేసిన అల్లరి ఒకటి చెప్పండి" అనింది. మనవరాళ్ళు ఒకటే అరుపులు, "సినిమా కథ చెప్పు నాన్నమ్మా! బురఖా కథ చెప్పు!" అని. అంటే ఇంట్లో చాలాసార్లు చెప్పిన కథే అన్నమాట. ఎల్ఈడీ తెర నిండా ఆమె ముఖం వచ్చింది.

"మా కాలంలో సినిమాకు పోనిచ్చేవాళ్ళా? నేను తెలివి జేసినాను" అని మొదలుపెట్టింది. "తాయెత్తు కట్టించుకొస్తానని మా అత్తకు చెప్పి, బురఖా యేసుకొని వచ్చినాను, ఇదో, ఈ హాలుకే!"

హాలంతా ఘొల్లుమంది. ఆమెకు హుషారు ఎక్కింది.

"ఈడ గేటుకాడ ఒక బూబమ్మ ఉండేది. ఆమె చేతిలో ఇంత ఆకూ వక్కా పెడితే చాలు, నోరు మెదిపేది కాదు. ఒకసారి మా ఇంటాయనకు ఎవురో చెప్పినారు. వచ్చినాడు సామీ, గేటుకాడ ఒకటే రచ్చ! ఆ బూబమ్మ ఎంత గట్టి అబద్ధం ఆడిందనుకున్నారు? బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసేసింది! నేను లోపల నవ్వు ఆపుకోలేక చచ్చినాను."

అందరూ నవ్వుతున్నారు. మా హెడ్‌మాస్టరు కళ్ళు తుడుచుకొని మరీ నవ్వుతున్నాడు. ఆ నవ్వుల మధ్య నా నెత్తి మీదికి నా చెయ్యి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు, తీసేశాను. ఆమె ఏడుపు ఇన్నేళ్ళలో నవ్వుగా మారింది. దాన్ని నేను తప్పు పట్టను, కథ చెప్పేవాళ్ళందరికీ అలాగే మారుతుంది. ఆకూ వక్కా మాత్రం మింగుడు పడలేదు. అమ్మ ఆమె దగ్గర ఏనాడూ ఏదీ తీసుకోలేదు. లేచి నిలబడి చెప్పాలనిపించింది. ఏం చెప్పాలి? ఆ గేటు బూబమ్మ ఈమే, ఆ బిడ్డను నేనే అని చెప్పాలి. మా స్టాఫు ముందు. నేను లేవలేదు.

"ఆ బూబమ్మ ఏమైందో ఏమో. ఆ సందోళ్ళు ఎవురన్నా ఉండారా?" అని పెద్దావిడ అటూ ఇటూ చూసింది.

మా ఇంగ్లీషు టీచరు సంబరంగా చెయ్యి ఊపింది. "ఉన్నారు! మా మేడం వాళ్ళమ్మది ఆ సందే!"

మైకు అమ్మాయి మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కెమెరా తిరిగింది. అమ్మ ముఖం తెర నిండా వచ్చింది. ముడతలతో సహా, తల మీది కొంగుతో సహా, మనిషి ఎత్తున. "మీకు ఆ గేటు బూబమ్మ తెలుసా నాన్నమ్మా?" అని ఆ పిల్ల అడిగింది.

అమ్మ తెర వైపు చూడలేదు. పెద్దావిడ వైపూ చూడలేదు. నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"తెలుసు" అనింది అమ్మ. మైకులో ఆ గొంతు హాలంతా వినపడింది. "మా సందే. పోయినాది లేమ్మా. చానా దినాలాయె."

"అయ్యో పాపం! మంచిది" అని పెద్దావిడ నిజంగానే నొచ్చుకుంది.

"ఆఁ" అనింది అమ్మ. మైకు ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయింది. పాట వేశారు.

నాకు మొదట కలిగింది ఊరట. దాచుకొని లాభం లేదు, అదే కలిగింది. గుండెల మీద బండ దించినట్టయి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ పీల్చిన ఊపిరి వదిలేలోపు, పీల్చింది దేనికో అర్థమైంది. మా అమ్మ నిండు సభలో, నా పక్క కుర్చీలో కూర్చొని, తను చచ్చిపోయానని తన నోటితో చెప్పింది. నా కోసం చెప్పింది. అంతకంటే సిగ్గు నాకు గేటు దగ్గర ఏనాడూ కలగలేదు. అమ్మతో ఏదైనా అనాలని ఆమె వైపు తిరిగాను. "ఎండగా ఉండాది బయట, తినేసి పోదాం" అనింది ఆమె.

బంతిలో పక్కపక్కనే కూర్చొని తిన్నాం. అమ్మ అన్నీ రుచి చూసింది. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి వెళితే, చెయ్యి తుడుచుకుంటూ మా ఇంగ్లీషు టీచరు ఎదురైంది. ఇంకా నవ్వుతూనే ఉంది.

"భలే మనిషి కదా మేడం ఆ గేటామె! బిడ్డ మీద ఒట్టేసిందంటే ఎంత ధైర్యమో! మీరు చూశారా ఆమెను ఎప్పుడైనా?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. ఎవరూ వెక్కిరించడం లేదు. ఆమె మెచ్చుకుంటోంది. చుట్టూ జనం లేరు, మైకు లేదు. ఔను మేడం, ఆమె మా అమ్మే అంటే సరిపోయేది.

"లేదు మేడం" అన్నాను. "నేను పుట్టకముందనుకుంటా."

అమ్మ పక్క కుళాయి దగ్గరే ఉంది. ఆమెకు చెవులు శుభ్రంగా వినపడతాయి. కుళాయి కట్టేసింది. నీళ్ళు కారుతున్న నా చేతులు చూసి, తన కొంగు నా వైపు చాపింది. నేను తుడుచుకున్నాను.